మా ఇంట్లో దొరికిన పాము

మా పెదనాన్న గురించి నిశ్చయంగా చెప్పగలిగిన సంగతులు తక్కువ. ఆయన సైన్యంలో పనిచేశాడు. తిరిగి వచ్చి మా ఊరి ఉన్నత పాఠశాలలో సామాన్యశాస్త్రం బోధించాడు. ఆ తర్వాత చాలాకాలం ఊరి పెద్దగా ఉన్నాడు. ఈ మధ్యనే, వానలు మొదలైన రోజుల్లో, తన మంచం మీదే కన్నుమూశాడు. ఇవి నేను చూసినవి, లేదా చూసినవాళ్లు విడివిడిగా ఒకే రకంగా చెప్పినవి. యుద్ధంలో ఒంటరిగా శత్రువుల గుడారంలోకి చొరబడ్డాడన్నది విన్నమాట. ఫిరంగి మోతకు ఎడమ చెవి పోయిందన్నది కూడా విన్నమాటే. ఆ చెవి వినపడకపోవడం మాత్రం నిజం, ఏదైనా చెప్పాలంటే మేమంతా ఆయన కుడి పక్కకు వెళ్లేవాళ్లం. తాను చేసిందల్లా వైర్‌లెస్ యంత్రం ముందు కూర్చోవడమేనని ఆయన ఒకసారి అన్నాడు గాని, ఊళ్లో ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. పాము కరిచినవాళ్లను వందలమందిని బతికించాడన్నది విన్నమాటలన్నిటిలోకీ పెద్దది. ఆయన భార్య, అంటే మా పెద్దమ్మ, గుండెపోటుతో పోయిందన్నది విన్నమాట కూడా కాదు, అబద్ధం. ఆ ఉదయం నేను ఇంట్లోనే ఉన్నాను.

ఈ సంగతులను ఇలా వేరుచేయవలసిన అవసరం ఒక కరపత్రం వల్ల వచ్చింది. బడిలో సంస్మరణ సభ పెట్టి, ఆయన జీవితాన్ని ఒక కాగితం మీద అచ్చువేసి పంచాలని ఊరివాళ్లు నిర్ణయించారు. రాసిన ప్రతిని తీసుకుని వెంకన్న ఖమ్మంలో మా ఇంటికి వచ్చాడు. వెంకన్నది మా పక్కిల్లు; నాకంటే బాగా పెద్దవాడు, పెదనాన్న దగ్గర చదువుకున్న తొలి విద్యార్థుల్లో ఒకడు. నేను ఉద్యోగ జీవితమంతా నీటి పరీక్షల ప్రయోగశాలలో గడిపాను. సీసాలోని నీళ్లలో ఏముందన్నది అక్కడ రెండో ప్రశ్న. సీసా మీద ఏ బావి పేరు రాసి ఉందో నీళ్లు నిజంగా ఆ బావివేనా అన్నది మొదటిది. అలవాటు కొద్దీ పెన్సిలు తీసుకుని కరపత్రం మీద గుర్తులు పెట్టాను.

"వందలమంది అని రాసినవు. ఎవరు లెక్కపెట్టిండ్రు వెంకన్నా?"

"లెక్కలెందుకు సరోజమ్మా? పోయినాయన మీద గూడ పరీక్ష పెడ్తవా?"

"పెద్దమ్మ గుండెపోటుతోటి పోయిందని ఉంది ఇండ్ల."

"ఇప్పుడు ఊరందరికి అట్లనే తెల్సు."

"నీకు?"

అతను గ్లాసులో నీళ్లన్నీ తాగి, గ్లాసును బల్ల మీద ఇటూ అటూ జరిపాడు. "నాకు తెల్సింది అచ్చేసి పంచుతరా?" అన్నాడు.

మా ఊరు జూలూరుపాడు దాటాక, చేలు తగ్గి అడవి మొదలయ్యే చోట ఉంటుంది. ఇటువైపు మిరప, పత్తి; అటువైపు టేకు, తునికి, ఇప్ప. రోడ్డు మీద అప్పట్లో ఎక్కువగా తిరిగేవి సారపాక కాగితం మిల్లుకు జామాయిలు దుంగలు మోసుకెళ్లే లారీలు. పెద్ద వానకు వాగు పొంగితే అవి కూడా ఆగిపోయేవి. మాది పెంకుటిల్లు; వెనక వసారా, వసారాకు ఒక చివర వంట, ఇంకో చివర కట్టెల కుప్ప. వేసవిలో ఇప్పపువ్వు వాకిట్లో ఎండబోసేవాళ్లు. ఆ తీపి వాసన బట్టలకూ జుట్టుకూ పట్టి, వర్షాలు పడేదాకా వదిలేది కాదు. మా నాన్న వ్యవసాయం చూసేవాడు. పెదనాన్న బడి చూసేవాడు. పెదనాన్నకూ పెద్దమ్మకూ పిల్లలు లేరు. నేను ఎవరి కూతురినో కొత్తవాళ్లకు వెంటనే తెలిసేది కాదు, ఎందుకంటే అన్నం పెద్దమ్మ పెట్టేది, జడ అమ్మ వేసేది, తిట్టడం ఇద్దరూ పంచుకునేవాళ్లు.

పెదనాన్న సైన్యం నుంచి తెచ్చుకున్న అలవాట్లు ఇంటికి అతకలేదు, ఇల్లు కూడా వాటిని మార్చలేదు. తెల్లవారకముందే లేచి, చిన్న అద్దాన్ని వేప కొమ్మకు తగిలించి గడ్డం గీసుకునేవాడు. దుప్పటిని అంచుకు అంచు కలిపి ఇటుకలా మడిచేవాడు. ఎనామిల్ మగ్గులో తప్ప చాయ్ తాగేవాడు కాదు. ఎండాకాలమైనా, చలికాలమైనా నులకమంచానికి నాలుగు కర్రలు కట్టి దోమతెర వేసుకునేవాడు. పెద్దమ్మ మాత్రం వసారాలో చాప మీద పడుకునేది. మంచం మీద పడుకొమ్మని ఆయన చెప్పడం, నులక నడుముకు గుచ్చుకుంటదని ఆమె అనడం మా ఇంట్లో రోజూ జరిగే తంతు. "మిల్ట్రీ సారు తెరల పండుకుంటే దోమలన్ని నా తానకొస్తున్నయి, నేనే కావలి కాస్తున్న," అని ఆమె మా అమ్మతో అనేది, ఆయన కుడిచెవికి వినపడేట్టుగా. ఆయన నవ్వేవాడు కాదు గాని, గడ్డం గీసుకోవడం ఒక క్షణం ఆపేవాడు.

ఊరు ఆయన్ను మిల్ట్రీ సారు అనే పిలిచింది. తరగతిలో ఆయనకొక నియమం ఉండేది. ఎవరు ఏ మాట చెప్పినా "చూసినవా, విన్నవా?" అని అడిగేవాడు. విన్నానంటే ఎవరి దగ్గర అని అడిగేవాడు. వాళ్లు చూశారా అని మళ్లీ అడిగేవాడు. నాలుగో ప్రశ్నకు చాలామంది ఏడుపు మొహం పెట్టేవాళ్లు. అయినా ఆయన్ను ఊరు మర్చిపోలేనిది ఈ ప్రశ్నలవల్ల కాదు, సీసాలవల్ల. ప్రయోగశాల అనే పేరున్న ఆ గదిలో, కిటికీ పక్క చెక్క బల్ల మీద, ఫార్మలిన్ పోసిన గాజు సీసాల్లో పాములుండేవి. అన్నీ చుట్టుపక్కల చేలల్లో చంపి తెచ్చినవే. ఆయన చేతులకు ఎప్పుడూ ఆ మందు వాసన ఉండేది. సబ్బుతో ఎంత రుద్దినా పోలేదని పెద్దమ్మ అన్నం ముద్ద ఆయన నోటిదాకా వెళ్లేటప్పుడు మొహం పక్కకు తిప్పుకునేది.

పాముల పాఠం ఆయన బడి పిల్లలకే పరిమితం చేయలేదు. అడవి అంచున పాము కాటు అరుదు కాదు. కరిస్తే మొదట ముత్తయ్య దగ్గరికి మోసుకెళ్లేవాళ్లు. ముత్తయ్య ఊరి చివర ఉండేవాడు, వేపమండతో మంత్రం వేసేవాడు. కొందరు లేచి నడిచి వెళ్లేవాళ్లు, కొందరు పోయేవాళ్లు. లేచినవాళ్లను కరిచింది విషం లేని పాము అని పెదనాన్న వాదన. దాన్ని నిరూపించడానికి ఆయన ఒక పద్ధతి పెట్టాడు. పాము కరిస్తే ఆ పామును చంపి తనకు చూపించాలి. విషమున్నదైతే వెంటనే పెద్ద దవాఖానాకు పంపిస్తాడు. లేనిదైతే గాయం కడిగించి ఇంటికి పంపిస్తాడు. సైన్యంలో డాక్టర్లు అలాగే అడిగేవారట. ఊరికి ఈ పద్ధతి నచ్చింది. పేదవాడు వాగు దాటి, లారీ ఎక్కి, ఎవరూ తెలియని పట్నంలో పడిగాపులు కాయనవసరం లేదని సారు చెబితే కాదనేదెవరు? కొన్నేళ్లలో మా ఊళ్లో ఆడవాళ్లు కూడా పొలుసులు చూసి నీరుకట్టెకూ రక్తపింజరకూ తేడా చెప్పగలిగారు. ముత్తయ్య వేపమండలు వాడిపోయాయి.

వాళ్లిద్దరి మధ్య పగ ఉండేదని ఇప్పుడు చెప్పుకుంటున్నారు. నేను చూసింది వేరు. ముత్తయ్య సాయంత్రాలు బడి గేటు దగ్గర నిలబడి, "సారూ, సీసాలల్ల మీ చుట్టాలు మంచిగున్నరా?" అని అడిగేవాడు. "నీ మంత్రానికి పడనోళ్లంత ఈడనే ఉన్నరు ముత్తన్నా, వచ్చి చూసిపో," అని పెదనాన్న అనేవాడు. ఇద్దరూ ఒకే దుకాణం బెంచీ మీద చాయ్ తాగేవాళ్లు. పగ ఉన్నవాళ్లు ఒకరి చుట్టతో ఇంకొకరు నిప్పంటించుకోరు.

ఆ ఉదయం వాన వెలిసి ఉంది. పెదనాన్న వేపచెట్టు దగ్గర అద్దం ముందు ఉన్నాడు. వసారాలోంచి పెద్దమ్మ మా అమ్మను పిలిచింది, కేక కాదు, మామూలుగా పిలిచినట్టే. "చెల్లె, నా చెయ్యి మీద ఏదో సల్లగ జారింది. నల్లగ, తెల్ల పట్టీలున్నయి. కట్టెలల్లకు వోయింది." ముంజేతి మీద దోమ కుట్టినంత ఎర్రటి చుక్క ఉంది. నొప్పి లేదంది. వాపు లేదు. ఇంతవరకు నేను నా కళ్లతో చూశాను, నా చెవులతో విన్నాను. అమ్మ పెదనాన్నను పిలిచింది. ఆయన సగం గడ్డం నురగతోనే వచ్చి, చెయ్యి పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూశాడు. తర్వాత, ఊళ్లో ఎవరికి కరిచినా ఏం చెప్పేవాడో అదే చెప్పాడు. "పామును చూడాలె."

వెంకన్న అప్పటికి పెళ్లయిన యువకుడు. అతనూ ఇంకో ఇద్దరూ పరుగెత్తి వచ్చారు. కట్టెల కుప్ప పెద్దది, వర్షాకాలానికని నింపింది. ఒక్కొక్క కట్టె తీసి వాకిట్లో వేశారు. నేను, పెద్దమ్మ అరుగు మీద కూర్చుని చూశాం. ఆమె వాళ్లతో, "కట్టెలు తడి మీద ఏస్తున్నరు, రేపు పొయ్యి మీరొచ్చి ఊదుండ్రి," అంది. కుప్ప అడుగుదాకా తీసినా ఏమీ లేదు. చివరికి వెనక గోడ పగులులో ఏదో కదిలింది. వెంకన్న కర్రతో లాగి కొట్టాడు. చేతి మందం లేని, ముదురు రంగు పాము. ఒంటి మీద తెల్లటి పట్టీలు. దాన్ని కర్ర మీద వేసుకుని, పరీక్షలో మొదట వచ్చిన పిల్లవాడి మొహంతో పెదనాన్న ముందు పెట్టాడు. "సారూ, దొరికింది."

ఆయన లోపలికి వెళ్లి భూతద్దం తెచ్చుకున్నాడు. గొంతుక్కూర్చుని, పామును పుల్లతో తిప్పుతూ తీరిగ్గా చూశాడు. అందరం చుట్టూ మూగాం. ఇలాంటప్పుడు ఆయన గొంతు బడి గొంతుగా మారేది. "చూడుండ్రి. కట్లపాముకు నడివీపు పొడుగున పెద్ద పొలుసులుంటయి. దీనికి లెవ్వు. కట్లపాముకు పట్టీలు తోకదాక తేటగుంటయి. దీనికి మెడ కాడ్నే తేటగున్నయి, తోకకు పోయేసరికి మాసిపోయినయి. ఇది కట్లపామును పోలిన పాము. విషం లేదు." ఆయన చెప్పినదానిలో ఒక్క అక్షరం తప్పు లేదు. ఆ తర్వాత పుస్తకాలు తిరగేసి, తెలిసినవాళ్లను అడిగి నేను సరిచూశాను. మా ఇంట్లో దొరికిన పాము విషం లేని పామే.

అందరూ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. అప్పటికి ముత్తయ్య కూడా వేపమండ పట్టుకుని వాకిట్లోకి వచ్చి ఉన్నాడు. "ఇయ్యాల నీకు పనిలేదు ముత్తన్నా, చాయ్ తాగి పో," అన్నాడు పెదనాన్న. "నేనేమన్న కూలికొచ్చిన్నా సారూ, అమ్మను చూసి పోదామని వస్తి," అని ముత్తయ్య అరుగు మీద కూర్చున్నాడు. పెదనాన్న పెద్దమ్మ వైపు పామును కాస్త ఎత్తి, "ఇదే గదా?" అన్నాడు. ఆమె కొంగుతో ముక్కు మూసుకుంది. "గదే అయ్యుంటది. మీరు చూసిండ్రు గద," అంది. ఆ రెండు మాటలనూ నేను ఇన్నేళ్లలో ఎన్నోసార్లు పరీక్షించాను. మొదటిది ఊహ. రెండోది ఎదుటివాడి పరీక్ష మీద నమ్మకం. వాటిలో చూసింది ఏదీ లేదు. చూసినవా, విన్నవా అని ఆ వాకిట్లో ఎవరూ అడగలేదు, ఎందుకంటే అడిగే మనిషే ఆ రోజు సమాధానం చెబుతున్నాడు.

పెద్దమ్మ పొయ్యి వెలిగించింది. చాయ్ పెట్టింది, అన్నం వండింది, పచ్చిపులుసు కలిపింది. పెదనాన్న తిని బడికి వెళ్లాడు. పామును పాత డబ్బాలో వేసుకుని తీసుకెళ్లాడు, సీసాలో పెట్టడానికి. నాకు అన్నం పెడుతున్నప్పుడు ఆమె కళ్లు సగమే తెరుచుకుని ఉన్నాయి. పైరెప్పలు బరువుగా కిందికి దిగి ఉన్నాయి. నిద్ర వస్తోందా అని అడిగాను. "పొగ బిడ్డా, తడి కట్టెలు," అంది. మాట కొంచెం ముద్దగా వచ్చింది. అప్పుడు నా జడ వేయడానికి వచ్చిన అమ్మ ఆమె పక్కన కూర్చుంది. నేను పుస్తకాలు సర్దుకోవడానికి లోపలికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం లేదు. పెద్దమ్మ గోడకు ఆనుకుని ఉంది. గ్లాసు ఎత్తి నీళ్లు తాగబోతే, నీళ్లు లోపలికి పోక పెదవుల పక్కనుంచి కారి రవిక తడిసింది. అమ్మ లేచి వెంకన్న ఇంటి వైపు పరుగెత్తింది.

పెదనాన్న బడి నుంచి వచ్చేటప్పటికి రోడ్డు మీద జామాయిలు లారీ ఒకటి ఆగి ఉంది. వెంకన్నే ఆపాడు. పెదనాన్న ఆమె రెప్పలను వేలితో ఎత్తి చూశాడు. ఆమెను క్యాబిన్‌లో సీటు మీద పడుకోబెట్టి, తలను తన ఒళ్లో పెట్టుకున్నాడు. అమ్మ కాళ్ల దగ్గర కూర్చుంది. లారీ కదలబోతుంటే ముత్తయ్య వేపమండతో సహా వెనక దుంగల మీదికి ఎక్కాడు. ఆయన్ను దిగమని ఎవరూ అనలేదు. ఆ ప్రయాణంలో నేను లేను. వాగు మీద నీళ్లు పారుతున్నాయని, డ్రైవరు ఆగకుండానే దాటించాడని, మంత్రం ఇంజను మోతలో ఎవరికీ వినపడలేదని అమ్మ చెప్పింది. దవాఖానా చేరకముందే పెద్దమ్మ ఊపిరి ఆగింది. కట్లపాము కాటు లక్షణాలు ఇవేనని అక్కడి డాక్టరు చెప్పాడట. ఆ కట్లపామును ఎవరూ ఎప్పుడూ చూడలేదు. ఉన్నదని లక్షణాలనుబట్టి అనుకోవడమే. ఒక కట్టెల కుప్ప దగ్గర, ఒకదాన్నొకటి పోలిన రెండు పాములు. మొదటిది దొరికింది గనక రెండోదాన్ని ఎవరూ వెతకలేదు.

దినాలు అయ్యాక పెదనాన్న బడికి వెళ్లాడు. పాముల పాఠం ఉన్న రోజు ఆ కొత్త సీసాను బల్ల మీద పెట్టాడు. నేను మూడో వరుసలో ఉన్నాను. "ఇది మా ఇంట్ల దొరికింది. దీనికి విషం లేదు. దీన్ని చూస్తే మనకు ఏం తెలుస్తది?" అని అడిగాడు. సీసాను మా వైపు తిప్పాడు. "దీనికి విషం లేదని తెలుస్తది. ఇంకేం తెల్వదు," అన్నాడు. తర్వాత బోర్డు మీద తేదీ వేసి, కిందటి పాఠం మిగిలినచోటు నుంచి మొదలుపెట్టాడు. ఆయన గొంతులో ఏ మార్పూ లేదు. ఆ గొంతులో మార్పు కోసం నేను చాలాకాలం వెతికాను. ఇంట్లోనూ అంతే. అదే వేళకు లేచేవాడు, అదే మగ్గు, అదే మడత. వసారాలో చాప మాత్రం అమ్మ తీసి అటక మీద పెట్టింది. అన్నం అమ్మ వడ్డించేది. ఆయన తినేవాడు. ఏడ్చాడా అని ఊళ్లో అడుగుతారు. నేను చూడలేదు.

గ్రామసభలో ఆయన మాట్లాడిన రోజు మాత్రం ఊరు మొత్తం చూసింది. పంచాయతీ అరుగు మీద నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, సైనికుడు నివేదిక చదివినట్టు చెప్పాడు. "పాము తెమ్మని మీకు చెప్పింది నేను. అది తప్పు. పామును గుర్తువట్టుడు నాకొస్తది. అదే కరిచిందని నాకెవ్వరు చెప్పలే, నేననుకున్న. ఇప్పటి సంది పాము జోలికి పోవద్దు. కట్టెలు తియ్యొద్దు, గోడలు తవ్వొద్దు. ముందు మనిషిని బండెక్కించుండ్రి." జనంలోంచి ఎవరో, "విషం లేకుంటే పోయినదారి దండగ గద సారూ," అన్నారు. "దండగే. పోయి రాండ్రి," అన్నాడు. ఆయన నొచ్చుకుంటాడని పెద్దమ్మ చావు గురించి ఊరు మెల్లగా గుండెపోటు అనడం మొదలుపెట్టింది, తర్వాతివాళ్లకు అదే మిగిలింది.

కానీ పద్ధతి నేర్పినంత తేలిగ్గా మాన్పించడం కుదరలేదు. పాముకోసం వెతకడం మానినవాళ్లు మళ్లీ ముత్తయ్య గుమ్మం ముందుకు చేరారు. అప్పుడు పెదనాన్న ముత్తయ్య ఇంటికి వెళ్లాడు. నన్నెందుకు వెంట తీసుకెళ్లాడో తెలియదు. బహుశా వినపడని చెవి వైపు నడవడానికి. ముత్తయ్య మంచం వాల్చబోతే వద్దని నేల మీద కూర్చున్నాడు.

"ముత్తన్నా, మంత్రం మానెయ్యమని నేననను. ఇంట్ల కూసోని చదవకు. బండెక్కి చదువు."

"బండి మీద పని చేస్తదా సారూ?"

"గాలి తగిలితే మంచిదే."

ముత్తయ్య నవ్వాడు. "నీకు నమ్మకం లేదు గద."

"నాకు లేదు. ఎక్కేటోళ్లకు ఉన్నది. నువ్వెక్కితే వాళ్లెక్కుతరు."

ముత్తయ్య చుట్టను నేలకు రాసి ఆర్పాడు. "అమ్మకు లారీల గూడ చదివిన సారూ. మంత్రం పారలే," అన్నాడు. "తెల్సు," అన్నాడు పెదనాన్న. అంతే. ఆ తర్వాత మా ఊళ్లోనూ చుట్టుపక్కల గూడేల్లోనూ అదొక ఆచారమైంది. ఎవరికి పాము కరిచినా మొదట బండి, బండి మీద రోగి, రోగి పక్కన వేపమండతో ముత్తయ్య. ట్రాక్టరు గతుకుల్లో ఎగిరిపడుతుంటే మంత్రం ముక్కలు ముక్కలుగా వచ్చేది. బండి ఎక్కకుండా చదివితే మంత్రం పారదని ముత్తయ్యే చెప్పడం మొదలుపెట్టాడు. ముత్తయ్య పోయాక ఆయన కొడుకు కూడా అలాగే చదివాడు. వాగు మీద ఎత్తు వంతెన కోసం పెదనాన్న ఎన్ని కార్యాలయాల చుట్టూ తిరిగాడో ఊరికి తెలుసు. ఆ పనులన్నిటివల్ల ఎంతమంది బతికారన్నది ఎవరికీ తెలియదు. బండెక్కినవాళ్లలో విషం లేని పాము కరిచినవాళ్లూ ఉంటారు. వాళ్లు ఎలాగూ బతికేవాళ్లే. కరపత్రంలో "వందలమంది" కొట్టేసి "పాము కరిస్తే ఊరు ముందుగా బండెక్కడం నేర్చుకుంది" అని రాశాను. ఇందులో ఎవరూ కాదనగలిగింది లేదు.

ఇప్పుడు ఊళ్లో కట్టెల కుప్పలు లేవు, గ్యాసు బండలున్నాయి. గోడలు సిమెంటువి. ఫోను చేస్తే అంబులెన్సు వాగు మీది వంతెన దాటి వస్తుంది. సభకు వెళ్లిన రోజు ఒక యువకుడు తన ఫోనులో చచ్చిన పాము ఫొటో చూపించాడు. కిందటి నెల వాళ్ల చిన్నాన్నను కరిచిందట. వాట్సాప్ గ్రూపులో పెట్టి, విషమా కాదా అని అడిగి, జవాబు వచ్చేదాకా ఇంట్లోనే ఆగారట. "మంచిగైండు మేడం, విషం లేదని చెప్పిండ్రు," అన్నాడు. కరిచింది ఈ పామేనని ఎవరు చెప్పారని అడిగాను. అతను ఫోను వైపు, నా వైపు చూశాడు. "ఇంట్ల ఇదే దొరికింది మేడం," అన్నాడు.

సభలో కరపత్రం చదివారు. "ఆయన భార్య పాము కాటుతో మరణించారు" అన్న వాక్యం దగ్గర చదివే ఉపాధ్యాయుడు ఆగలేదు, వినేవాళ్లూ కదల్లేదు. వెంకన్న ముందు వరుసలో ఉన్నాడు. ఆ వాక్యాన్ని ఒప్పుకునే ముందు అతను మా ఇంట్లో చాలాసేపు కూర్చున్నాడు. "పాము ఎవరు తెచ్చిండ్రో గూడ రాస్తవా?" అని అడిగాడు. రాయనన్నాను. "సారు నన్ను ఒక్కనాడు ఏమనలే. ఒక మాటంటెనే మంచిగుంటుండె," అన్నాడు. సభ అయ్యాక అందరితోపాటు చాయ్ తాగి ఇంటికి వెళ్లిపోయాడు. అతనికి బరువు దిగిందో లేదో నాకు తెలియదు. నాకైతే ఏమీ అనిపించలేదు. ఒక సీసా మీద పేరు సరిదిద్ది పక్కన పెట్టినట్టుంది.

తేలనిది ఒకటి ఉంది. నేను పుస్తకాలు సర్దుకోవడానికి లోపలికి వెళ్లిన ఆ కాసేపట్లో పెద్దమ్మ మా అమ్మతో ఏమంది? దినాలనాడు ఆడవాళ్ల మధ్య కూర్చుని అమ్మ ఏడుస్తూ చెప్పింది నేను విన్నాను: "'కండ్లు లేస్తలెవ్వు చెల్లె, ఆయనకు చెప్పకు, విషం లేదని అందరి ముందల అన్నడు గద' అన్నది అక్క." నేను ఉద్యోగంలో చేరాక ఒకసారి అడిగితే, అమ్మ బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. "గట్ల నేనెప్పుడన్న? పొగ అన్నది. గంతే," అంది. రెండూ ఒకే మనిషి నోటి నుంచి వచ్చాయి. దుఃఖంలో మనిషి లేని మాటలు కల్పించుకోవచ్చు. కాలం గడిచాక ఉన్న మాటలు దాచుకోవచ్చు. దేన్ని నమ్మాలో నిర్ణయించే ఆధారం నా దగ్గర లేదు. మొదటిదే నిజమైతే, పెద్దమ్మ ఆయన మాట నిలబెట్టడానికి గంటో అరగంటో తన ప్రాణంలోంచి ఇచ్చింది. రెండోదే నిజమైతే, ఆమెకు పొగ తప్ప ఏమీ తెలియదు. పెద్దమ్మ లేదు. అమ్మ పోయింది. ఇప్పుడు పెదనాన్న కూడా పోయాడు. అమ్మా ఆయనా పెద్దమ్మ తర్వాత దాదాపు ఒక జీవితకాలం ఒకే ఇంట్లో ఉన్నారు. రోజూ ఆమె వడ్డించింది, ఆయన తిన్నాడు. ప్రతి మాటకూ ఎవరు చూశారని అడిగే మనిషి, ఆ ఉదయం పెద్దమ్మ పక్కన చివరగా కూర్చున్న మనిషిని ఎప్పుడూ ఏమీ అడగలేదు. అడగవలసింది ఒకటి ఉందని తెలియకపోవడంవల్ల అడగలేదో, సమాధానం అప్పటికే తెలిసిపోవడంవల్ల అడగలేదో చెప్పగలిగినవాళ్లెవరూ మిగల్లేదు. అమ్మ పోయిన రోజు ఆయన నా పక్కకు వచ్చి కూర్చుని, "మీ అమ్మకు అబద్ధం చెప్పుడు రాదు," అన్నాడు. ఆమె చెప్పిన ఏ మాటను తలుచుకుని అన్నాడో చెప్పలేదు.